‘ఫేద్ర్’ టీవీకి: వేదిక మీదా, సముద్రపు ఒడ్డునా?

గ్రీకు పురాణం నుంచి ఫ్రెంచి నాటకకర్త రసీన్ అల్లిన పద్యనాటకం ‘ఫేద్ర్’ను తొలిసారి 1677లో పారిస్‌లో ప్రదర్శించారు. దాన్ని టీవీకి తేవాలంటే బయట లొకేషన్లలో సినిమాలా తీయొచ్చు, లేదా వేదిక మీదే చిత్రీకరించొచ్చు.

లొకేషన్ కంటికి పండగే. కానీ నాయిక ఫేద్ర్ సవతి కొడుకు ఇపొలిత్ చావు దగ్గర చిక్కొస్తుంది. సముద్రంలోంచి రాక్షసమృగం లేవడం, బెదిరిన గుర్రాలు అతన్ని ఈడ్చుకుపోవడం రసీన్ చూపించలేదు; ఇపొలిత్ గురువు తెరామెన్ నోట డెబ్బైకి పైగా పాదాల్లో చెప్పించాడు. గ్రాఫిక్స్‌తో ఆ మృగాన్ని చూపించాక ఆ మాటలకు పనేముంటుంది?

వేదిక మీద తీస్తే పన్నెండేసి అక్షరాల పాదాల నడక నిలుస్తుంది. పైగా క్లోజప్ ఉంది. సవతి కొడుకు మీద ప్రేమను ఫేద్ర్ ఇక దాచలేక బయటపెట్టేసే క్షణంలో, థియేటర్ వెనక వరుసకు అందని పెదవుల వణుకు మన ఇంట్లో కనిపిస్తుంది. నా ఓటు దీనికే.