బెన్‌క్యూ ఎస్‌డబ్ల్యూ270సీ: తెర మీది మందారం కాగితం మీదా మందారమే

పాత మానిటర్‌లో ఎంత శ్రద్ధగా దిద్దినా నా ప్రింట్లు చీకటిగానే వచ్చేవి. ఒక మందారపువ్వు ఫొటోని మూడుసార్లు ప్రింట్ తీశాను, మూడుసార్లూ ఇటుక రంగే! ఏడుపొచ్చింది.

ఇప్పుడు వాడుతున్న ఈ 27 అంగుళాల మానిటర్ అడోబ్ ఆర్‌జీబీ (ఫొటోలు, ప్రింట్ల కోసం వాడే విస్తృతమైన రంగుల శ్రేణి) రంగుల్లో 99 శాతం చూపిస్తుంది. ముదురు ఆకుపచ్చల్లో తేడా వెంటనే తెలిసింది. కాలిబ్రేషన్ (తెర రంగుల్ని కొలిచి సరిచేయడం) సవరణలు మానిటర్‌లోనే నిలిచి ఉంటాయి, కంప్యూటర్ మార్చినా టెన్షన్ లేదు. ఆ రంగుల్ని కొలిచే పరికరం మాత్రం విడిగా కొనుక్కోవాలి, అది లేకుండా ఈ మానిటర్ తీసుకోవద్దు.

అసలు మార్పు తెర వెలుగు తగ్గించాక వచ్చింది. తెర మరీ వెలుగ్గా ఉంటే ప్రింట్ దాని పక్కన చీకటిగా కనిపిస్తుంది. నేను వెలుగుని 100 నిట్స్ (తెర వెలుగు కొలత), తెలుపు రంగు ఛాయని 6500 కెల్విన్ దగ్గర పెట్టాను. మొదటి రెండు రోజులు తెర మసకగా అనిపించింది, తర్వాత కళ్లు అలవాటుపడ్డాయి. కాగితానికి తగిన ప్రొఫైల్‌తో (ఆ కాగితం మీద రంగులు ఎలా వస్తాయో చెప్పే ఫైల్) సాఫ్ట్ ప్రూఫ్, అంటే ప్రింట్ ఎలా వస్తుందో తెర మీదే ముందుగా, చూసి మందారాన్ని మళ్లీ ప్రింట్ తీశాను. ఈసారి ఎరుపు ఎరుపుగానే వచ్చింది.