సెకండ్ హ్యాండ్ మేనేజ్డ్ స్విచ్ కొంటున్నారా? డబ్బు కట్టేముందే ఒక ఫైల్ ఎక్కించి చూడండి

వైజాగ్‌లో చిన్న ఆఫీసులకు, కోచింగ్ సెంటర్లకు, డయాగ్నస్టిక్ ల్యాబ్‌లకు నెట్‌వర్క్ పనులు చూసేవాళ్లు, సొంత ఆఫీసుకి స్విచ్ కొనుక్కునేవాళ్లు దయచేసి ఇది చదవండి. మేనేజ్డ్ స్విచ్ అంటే ఆఫీసులో కంప్యూటర్లని కేబుళ్లతో కలిపే పెట్టె, బ్రౌజర్‌లో దాని పేజీ తెరిచి సెట్టింగ్‌లు మార్చుకోవచ్చు. రీఫర్బిష్డ్ అని అమ్మే మేనేజ్డ్ స్విచ్‌లు కొత్తవాటికంటే బాగా చవకగా దొరుకుతాయి. కొనొద్దని నేను అనను. కానీ లైట్లు వెలిగాయి, కేబుల్ పెడితే నెట్ వచ్చింది అని చూసి డబ్బు కట్టేయకండి. దాని వెబ్ పేజీలోకి వెళ్లి ఒక ఫైల్ బయటికి దించి, ఒక ఫైల్ లోపలికి ఎక్కించి చూశాకే బిల్లు రాయించుకోండి.

మధురవాడలో నేను నెట్‌వర్క్ చూసే ఒక ఆఫీసుకి 24 పోర్టుల స్విచ్ తీసుకున్నాం. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి షాపు పేరు రాయడం లేదు. "ఫుల్ టెస్టింగ్ అయింది సార్" అని, లాగిన్ పాస్‌వర్డ్ ఒక చీటీ మీద రాసిచ్చారు. ఫర్మ్‌వేర్ (స్విచ్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేద్దామని కూర్చుంటే అసలు బండారం బయటపడింది.

ముందు పేజీయే తెరుచుకోలేదు. లోపల ఉన్న ఫర్మ్‌వేర్ ఎంత పాతదంటే బ్రౌజర్‌తో రహస్యంగా మాట్లాడటానికి దానికి పాతకాలపు టీఎల్‌ఎస్ 1.0 పద్ధతి తప్ప ఇంకోటి రాదు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ 2020లోనే దాన్ని పక్కన పెట్టేశాయి. ఆ రక్షణ లేని మామూలు హెచ్‌టీటీపీతో లోపలికి వెళ్లి, ఏ మార్పూ చేయకముందే సెట్టింగ్‌లన్నీ ఉండే కాన్ఫిగ్ ఫైల్ బ్యాకప్ దించాను. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఒళ్లు జలదరించింది. అది ఏదో ఆసుపత్రి కాన్ఫిగ్. ఒక వీల్యాన్ (నెట్‌వర్క్‌లో విడదీసిన భాగం) పేరు ఐసీయూ, ఇంకోటి ఫార్మసీ, మరోటి సీసీ కెమెరాలు. ఏ వీల్యాన్‌కి ఏ ఐపీ, అడ్మిన్ యూజర్ల పేర్లు, స్విచ్‌ని దూరం నుంచి గమనించడానికి పాస్‌వర్డ్‌లా వాడే ఎస్‌ఎన్‌ఎంపీ కమ్యూనిటీ పదం, అన్నీ అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయి. టెస్టింగ్ అన్నవాళ్లు కనీసం ఫ్యాక్టరీ రీసెట్ కూడా కొట్టలేదు.

తర్వాత స్టిక్కర్ మీద ఉన్న మోడల్, హార్డ్‌వేర్ వెర్షన్ చూసుకుని కంపెనీ సైట్ నుంచి ఫర్మ్‌వేర్ దించాను. ఫైల్ తేడా లేకుండా దిగిందో లేదో చెప్పే ఎస్‌హెచ్‌ఏ-256 విలువ సరిపోయింది. అప్‌లోడ్ చేస్తే బార్ చివరిదాకా వెళ్లి, ఫైల్ చెల్లదని మెసేజ్ వచ్చింది. బ్రౌజర్ నుంచి వచ్చిన ఫైల్‌ని చాలా స్విచ్‌లు ముందు మెమరీలో ఉంచుకుని, ఇది తన మోడల్‌కి చెందినదేనా అని ఫైల్ మొదట్లో ఉండే హెడర్ చూసుకుని, అప్పుడే ఫ్లాష్‌లో (కరెంటు పోయినా చెరగని మెమరీలో) రాస్తాయి. కాబట్టి ఆ తిరస్కారం చూడగానే అనుమానం వచ్చి పెట్టెను తిరగేశాను. స్టిక్కర్ ఒక మూల కాస్త లేచి ఉంది. దాని కింద ఇంకో స్టిక్కర్ అంచు పసుపురంగుకి తిరిగి కనిపిస్తోంది. గోరుతో లాగితే పైది ఊడొచ్చింది. పైదాని మీద వెర్షన్ 3, కిందదాని మీద వెర్షన్ 1! వెబ్ పేజీలో చూపించే సీరియల్ నంబరు కూడా కింది స్టిక్కర్‌తోనే కలిసింది. వెర్షన్ 1కి కంపెనీ కొత్త ఫర్మ్‌వేర్ ఇవ్వడం ఎప్పుడో మానేసింది. అంటే అందులో ఉన్న సెక్యూరిటీ లోపాలు ఇక అలాగే ఉండిపోతాయి.

షాపుకి తీసుకెళ్తే "పోర్టులన్నీ పని చేస్తున్నాయి కదా సార్, ఇంకేటి కావాలి మీకు?" అన్నారు. స్టిక్కర్ చూపించాక అక్కడి కుర్రాడు "కన్సోల్ నుంచి ఎక్కించేద్దాం" అని, నేను వద్దు బాబూ అంటున్నా వినకుండా, కన్సోల్ పోర్టు (స్విచ్‌ని నేరుగా కేబుల్‌తో నడిపే పోర్టు) ద్వారా, స్విచ్ ఆన్ అయ్యేటప్పుడు వచ్చే బూట్ మెనూలోకి వెళ్లి టీఎఫ్‌టీపీ అనే ఫైల్ పంపే పద్ధతితో అదే వెర్షన్ 3 ఫైల్‌ని నెట్టేశాడు. టీఎఫ్‌టీపీలో యూజర్ పేరు ఉండదు, పాస్‌వర్డ్ ఉండదు, ఇచ్చిన ఫైల్‌ని ఇచ్చినట్టు చేరవేస్తుందంతే. ఆ బూట్ మెనూ కూడా ఏమీ అడగలేదు. రీబూట్ చేశాక పవర్ లైట్ నారింజ రంగులో ఆగిపోయింది, స్విచ్ మళ్లీ లేవలేదు. అప్పుడు వాళ్లన్న మాట: "సాఫ్ట్‌వేర్ ప్రాబ్లమ్‌కి వారంటీ ఉండదు సార్." వాళ్ల చేతులతో పాడుచేసి ఆ మాట అంటుంటే నాకు కడుపు మండిపోయింది.

అందుకే కౌంటర్ మీదే చూసుకోవాల్సినవి చెబుతున్నాను. ల్యాప్‌టాప్, లాన్ కేబుల్ వెంట తీసుకెళ్లండి. సిస్టమ్ ఇన్ఫర్మేషన్ పేజీలో మోడల్, హార్డ్‌వేర్ వెర్షన్, సీరియల్ నంబరు స్టిక్కర్‌తో పోల్చండి. అదే వెర్షన్ ఫర్మ్‌వేర్‌ని ముందే దించుకుని వెళ్లి షాపువాళ్ల ఎదుటే అప్‌లోడ్ చేయించండి. కొన్ని కంపెనీలు సర్వీస్ కాంట్రాక్ట్ లేనిదే ఫర్మ్‌వేర్ ఇవ్వవు, అది కొనేముందే కనుక్కోండి. రెండు ఇమేజ్‌లు (ఫర్మ్‌వేర్ కాపీలు) పట్టే మోడల్ అయితే మంచిది. కొత్తది బ్యాకప్ స్థానంలోకి వెళ్తుంది, దాన్ని బూట్ ఇమేజ్‌గా పెట్టి రీబూట్ చేస్తేనే నడుస్తుంది. తేడా వస్తే పాతదానికి తిరిగి వెళ్లొచ్చు. ఫ్లాష్‌లో రాస్తున్నప్పుడు పేజీ స్తంభించినట్టే ఉంటుంది, రిఫ్రెష్ కొట్టకండి. యూపీఎస్ మీద పెట్టమని పట్టుబట్టండి.

ఇంకొకటి. స్విచ్ పేరు మార్చి, సేవ్ చేసి, ప్లగ్ పీకి మళ్లీ పెట్టండి. సేవ్ చేసిన పేరు పోయిందంటే ఫ్లాష్‌ని అనుమానించాల్సిందే. మన ఊరి సముద్రపు గాలికి పోర్టుల పిన్నులు పచ్చబడతాయి, టార్చ్ వేసి అదీ చూడండి. "కన్సోల్ నుంచి రికవర్ చేసుకోవచ్చులే" అంటే నమ్మకండి. 9600 బాడ్ వేగం మీద ఎక్స్‌మోడెమ్ అనే పాత పద్ధతితో 10 ఎంబీ ఫైల్ ఎక్కాలంటే దాదాపు మూడు గంటలు. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటినుంచి.

బిల్లు మీద మోడల్, హార్డ్‌వేర్ వెర్షన్, సీరియల్ నంబరు రాయించుకోండి. లోపమున్న వస్తువుని బిల్లులో చెప్పిన గడువులోపు, గడువు రాయకపోతే 30 రోజుల్లోపు వాపసు తీసుకోకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. అయితే వ్యాపారం కోసం కొన్నవాళ్లని ఆ చట్టం వినియోగదారుగా లెక్కించదు. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొన్నవాళ్లకే మినహాయింపు. కంపెనీ పేరు మీద బిల్లు వేయించేవాళ్లు ఈ సంగతి ముందే ఆలోచించుకోండి.

ఆసుపత్రులు, ఆఫీసులు పాత స్విచ్‌లు అమ్మేటప్పుడు కూడా జాగ్రత్త. ఫ్యాక్టరీ రీసెట్ కొట్టి, మళ్లీ లాగిన్ అయి కాన్ఫిగ్ దించి చూసి, అందులో మీదేమీ మిగల్లేదని తేలాకే బయటికి పంపండి. నాకు దొరికిన ఫైల్ సంగతి ఆ ఆసుపత్రి ఐటీ వాళ్లకి చెప్పి, నా దగ్గర కాపీ చెరిపేశాను.