పాత ప్రీమియర్ డ్రమ్ సెట్: బాగుచేయించాలా, అమ్మేయాలా?

చెన్నై సాలిగ్రామంలో మా పెదనాన్న ఇంట్లో 1960ల నాటి ప్రీమియర్ కంపెనీ డ్రమ్ సెట్ ఒకటి ఉంది. మన సినిమా పాటల రికార్డింగులన్నీ మద్రాసులోనే జరిగే రోజుల్లో ఆయన ఆర్కెస్ట్రాల్లో వాయించేవారు, ఈ సెట్‌ని హోటల్ బ్యాండులో ఉన్న ఒక స్నేహితుడి దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. ఇప్పుడు ఇల్లు ఖాళీ చేస్తున్నారు. మా అన్నయ్య అమ్మేద్దామంటున్నాడు, చర్చిలో డ్రమ్స్ వాయించే మా అక్క కూతురేమో "బాగుచేయించు మావయ్యా, నేను వాయించుకుంటాను" అంటోంది.

నా మాట ముందే చెప్పేస్తాను. వాయించేవాళ్లు ఇంట్లో ఉంటేనే బాగుచేయించాలి, అమ్మాలనుకుంటే మాత్రం ఉన్నదున్నట్టుగా అమ్మాలి. బాగా మెరిపించి ఎక్కువ రేటుకి అమ్ముదాం అనే మూడో ఆలోచనే అన్నిటికన్నా నష్టం.

ఎందుకంటే పాత డ్రమ్స్ వెతుక్కుని కొనేవాళ్లు చూసేది మెరుపు కాదు, ఒరిజినల్‌గా ఉందా లేదా అని. షెల్, అంటే డ్రమ్ము చెక్క గుల్ల మీద కంపెనీ అంటించిన పెర్ల్ షీటు (ముత్యంలా మెరిసే ప్లాస్టిక్ రేకు) పసుపు రంగుకి తిరిగినా సరే, దాన్ని పీకేసి కొత్తది వేస్తే ధర పడిపోతుంది. కొత్త స్టాండు బిగించడానికి షెల్‌కి ఇంకో రంధ్రం వేసినా అంతే. హెడ్ (కర్రతో కొట్టే పైపొర) ఆనే అంచు, అంటే బేరింగ్ ఎడ్జ్, మళ్లీ కోయిస్తే ఆ సెట్ పాత గొంతే మారిపోవచ్చు. వీటన్నిటికీ డబ్బు పోసి, చివరికి ముందుకన్నా తక్కువకి అమ్ముకోవడం ఏం న్యాయం?

ధర గురించి ఆశలు కూడా కొంచెం అదుపులో పెట్టుకోవాలి. బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ 1963 దాకా వాయించింది ప్రీమియరే, ఆ తర్వాత అమెరికా కంపెనీ లడ్విగ్‌కి మారాడు, 1964 ఫిబ్రవరిలో బీటిల్స్ అమెరికా టీవీలో కనిపించాక లడ్విగ్‌కి విపరీతమైన గిరాకీ వచ్చింది. ఈరోజుకీ అదే కాలం నాటి లడ్విగ్‌కి పలికే ధర ప్రీమియర్‌కి సాధారణంగా పలకదు. పనితనంలో మాత్రం ప్రీమియర్ తక్కువదేం కాదు. ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో తయారైన ఆ డ్రమ్స్ క్రోమ్ పూత ఎంత గట్టిదంటే, చెన్నై ఉప్పుగాలి ఇన్నేళ్లు తగిలినా మా సెట్ లగ్స్ (హెడ్‌ని బిగించే బోల్టులు దిగే లోహపు ముక్కలు) చాలావరకు తుడిస్తే మెరుస్తున్నాయి.

వాయించడానికి బాగుచేయించే దారిలో అసలు చిక్కు కొలతల దగ్గర ఉంది. 1960ల చివరి దాకా వచ్చిన చాలా ప్రీమియర్ డ్రమ్స్ ఇప్పటి అంతర్జాతీయ సైజుల కన్నా కొద్ది మిల్లీమీటర్లు పెద్దవి, మామూలు 12, 14, 16 అంగుళాల హెడ్ తెస్తే షెల్ మీద కూర్చోదు. అలాంటి వాటికి ప్రత్యేకంగా హెడ్స్ చేయించి తెప్పించుకోవాలి, చిరిగిన ప్రతిసారీ మళ్లీ అదే ఖర్చు. హెడ్ సరిపోవడానికి షెల్‌ని అరగదీయిస్తానని ఎవరైనా అంటే దయచేసి ఒప్పుకోకండి, ఒకసారి పోయిన చెక్క మళ్లీ రాదు. కాబట్టి ఒక్క రూపాయి ఖర్చుపెట్టే ముందు టేపు పట్టుకుని షెల్ బయటి కొలత తీయాలి.

సైజు సరిపోతే ఇక పని పెద్దదేం కాదు. అన్నీ విప్పి దుమ్ము దులపడం, నట్లకీ స్క్రూలకీ కొద్దిగా ఆయిల్ పెట్టడం, కొత్త హెడ్స్, స్నేర్ డ్రమ్ము కింద బిగించే కొత్త వైర్లు. మా ఫ్లోర్ టామ్ (నేల మీద కాళ్లతో నిలబెట్టే డ్రమ్ము) 2015 డిసెంబరు వరదల్లో నీళ్లలో నానింది, కింది అంచున చెక్క పొరలు విడిపోయాయి. జిగురు పెట్టి క్లాంపులు బిగించి ఆరనిస్తే అతుక్కుంటాయి, మంచి వడ్రంగి చేయగల పనే, కాకపోతే వానాకాలం పోయాక చేయించాలి. సింబల్స్‌ని (కర్రతో కొట్టే లోహపు పళ్లేలని) మాత్రం ఎవరూ పాలిష్ చేయొద్దు, మీదున్న జిల్డ్జియన్ కంపెనీ ముద్ర అరిగిపోతే దాని వయసు చెప్పే ఆధారమే పోతుంది, ఏళ్ల తరబడి పట్టిన ఆ ముదురు రంగు వల్ల వచ్చే మెత్తటి నాదం కూడా మారుతుందని చాలామంది వాయించేవాళ్లు అంటారు.

అమ్మే దారిలో చిక్కు కొనేవాళ్లని పట్టుకోవడమే. చెన్నైలో డ్రమ్స్ ఎక్కువగా కొనేది చర్చిలు, స్కూళ్లు, లైట్ మ్యూజిక్ బ్యాచ్‌లు, వాళ్లకి స్టాండులన్నీ గట్టిగా ఉన్న కొత్త సెట్ కావాలి, అందులో తప్పేం లేదు. పాతదాని విలువ తెలిసినవాళ్లు చెన్నై, బెంగళూరు స్టూడియోల చుట్టూ కొద్దిమందే ఉంటారు. పైగా దూరం పంపాలంటే చాలా కొరియర్లు పెట్టె సైజుని బట్టి బరువు కడతాయి, సెంటీమీటర్లలో పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 5000తో భాగిస్తాయి. 65, 65, 50 సెంటీమీటర్ల బాస్ డ్రమ్ పెట్టెకి 42 కిలోల చార్జీ పడుతుంది, లోపల డ్రమ్ అందులో సగం కూడా తూగదు. హెడ్స్ విప్పి చిన్న షెల్‌ని పెద్ద షెల్‌లో పెట్టి పంపితే కొంత కలిసొస్తుంది.

విడివిడిగా అమ్మితే మొత్తం మీద డబ్బు ఎక్కువ రావచ్చు, నాకు మాత్రం అది నచ్చదు. ఇన్నేళ్లు కలిసి మోగిన సెట్‌ని ఒక్కో ముక్కా తలో ఊరికి పంపాలంటే మనసు రాదు.

ఈ లెక్కన మా ఇంటికి మేలు సర్వీసు చేయించి ఉంచుకోవడమే. వాయించే పిల్ల ఉంది, చెక్క చాలావరకు బాగుంది, అమ్మితే వచ్చే డబ్బుతో ఇంత బాగా మోగే కొత్త సెట్ వస్తుందని నాకు నమ్మకం లేదు. అక్క కూతురికి టేపు ఇచ్చి నాలుగు డ్రమ్ముల కొలతలూ తీసి పంపమన్నాను. హెడ్స్ సరిపోతే సెట్ దానిదే, సరిపోకపోతే స్నేర్, సింబల్స్ దానికి ఇచ్చి మిగతా మూడూ ఒకే మనిషికి అమ్ముదామన్నాను, అన్నయ్య సరేనన్నాడు.