బెంగళూరులో బిగోనియాల వేట: ఏ నర్సరీ, ఏ గది, ఏ బండి

బెంగళూరు నర్సరీలో రెక్స్ బిగోనియా కనబడితే అక్కడి నుంచి కదలబుద్ధి కాదు. అరచేయంత ఆకు, వెండి పూత, నడుమ వంగపండు రంగు, అంచున గులాబీ చార. ఆ కళలో సగం మొక్కదైతే సగం ఊరిది. సముద్రమట్టానికి 900 మీటర్ల పైనున్న ఊరు అది. ఏప్రిల్లో పగలు ఎండ మండినా రాత్రికి 22 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. రెక్స్ పుట్టిల్లు అస్సాం వైపు తడి కొండల నీడ. 18 నుంచి 27 డిగ్రీల మధ్య హాయిగా పెరుగుతుంది, 33 దాటితే ఆకు అంచులు మాడ్చుకుంటుంది. అదే మొక్కను మే నెలలో విజయవాడ బాల్కనీకి తెస్తే రెండు వారాలు నిలవడం కష్టం. అందుకే బెంగళూరు టికెట్ తీసే ముందు మన ఇంటి వేడిని లెక్కేసుకోవాలి.

హైదరాబాదు వాళ్లు వెళ్లాల్సింది జూన్ చివరి నుంచి ఆగస్టు దాకా. తెచ్చిన మొక్కకు ఇంట్లో తడిగాలి సిద్ధంగా ఉంటుంది. కోస్తా వాళ్లకు ఆ నెలల్లో ఉక్కపోత, కుళ్లు ఎక్కువ. నవంబరు నుంచి జనవరి దాకా వెళ్లి వస్తే మొక్క ఎండలు ముదిరేలోపు వేళ్లూనుకుంటుంది. మార్చి, ఏప్రిల్, మే ఎవరికీ పనికిరావు.

మొదటి మజిలీ లాల్‌బాగ్ అని అందరూ చెబుతారు. చూడాల్సిన తోటే, సందేహం లేదు. హైదర్ అలీ 1760లో మొదలుపెట్టింది, 240 ఎకరాలు, లోపల 1889 నాటి గాజుమేడ. కానీ బిగోనియాలు కొనే పని మీద వెళ్లేవాళ్లు రిపబ్లిక్ డే, స్వాతంత్ర్య దినోత్సవం పూల ప్రదర్శనల రోజుల్లో వెళ్లకపోవడమే మేలు. ఆ జనంలో కుండీ ఎత్తి ఆకు అడుగు చూసే తీరిక దొరకదు, సున్నితమైన ఆకులతో బయటపడటం ఇంకా కష్టం. మామూలు రోజు పొద్దున్నే ఆరు, ఏడింటికి ఒక చుట్టు తిరిగి, పెద్ద చెట్ల కింద పడే వెలుగు ఎంతుందో గమనించండి. చేతిని నేల మీద అడుగున్నర ఎత్తులో పెడితే నీడ అంచులు మసకగా పడాలి. ఇంట్లో బిగోనియాకు అలాంటి చోటే వెతకాలి. నీడ అంచులు కత్తిరించినట్టు స్పష్టంగా పడితే ఎండ ఎక్కువ. నీడే కనబడకపోతే మొక్క కాడలు సాగి వాలిపోతుంది.

అసలు కొనుగోళ్లు లాల్‌బాగ్ పక్కన సిద్ధాపుర వైపున్న నర్సరీల్లో. ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి కాబట్టి అన్నీ ఒకసారి నడిచి చూసి, వెనక్కి వచ్చి కొనడం మంచిది. మనకు కడియం నర్సరీలు అలవాటు కాబట్టి ఇక్కడి ధరలు ఎక్కువనిపిస్తాయి. పూలమొక్కలు, గులాబీలు, క్రోటన్‌లు కావాలంటే కడియమే నయం. ఇక్కడికి రావాల్సింది ఆకు బిగోనియాల కోసమే. తెలుగు చాలాచోట్ల నడుస్తుంది. నడవనిచోట ఎలె అంటే ఆకు, మణ్ణు అంటే మన్ను అని తెలిస్తే పని సగం అయిపోతుంది.

పేర్లను నమ్మి మోసపోకూడదు. రంగు ఆకు ఉన్న ప్రతిదాన్నీ రెక్స్ అనే అమ్ముతారు. వంగి మొదట్లో చూడాలి. మట్టి మీద అల్లం కొమ్ములా పాకే లావాటి కాండం ఉండి, ఆకులు దాని నుంచే లేస్తుంటే అది దుంపకాండం రకం. రెక్స్ ఇందులోదే, నల్ల శిలువ గుర్తున్న ఐరన్ క్రాస్ కూడా. నిటారుగా వెదురులా కణుపులతో పెరిగేది కణుపు రకం. తెల్ల చుక్కల పోల్కా డాట్, అంటే బ్రెజిల్ నుంచి వచ్చిన మాకులాటా, ఏంజెల్ వింగ్ పేరుతో అమ్మేవి ఈ జాతివి. గులాబీల్లా గుత్తులుగా పూసేవి రీగర్ రకం. వీటిని పండక్కి తెచ్చుకునే పూలగుత్తి లెక్కన కొనాలి తప్ప ఏళ్లు ఉంటాయని కొనకూడదు. పెద్ద పూల గడ్డ బిగోనియాలు ఊటీ, కొడైకెనాల్ చలిలో బాగుంటాయి. వాటిని మైదానాలకు మోసుకురావడం దండగ.

మైదానం వాళ్లకు వరస ఇలా పెట్టుకుంటే నష్టం తక్కువ: ముందు కణుపు రకం, తర్వాత దళసరి, నున్నటి ఆకుల దుంపకాండం రకాలు, చివర్లో పల్చటి ఆకుల రెక్స్. ఆకు ఎంత పల్చనైతే వేడికి అంత త్వరగా వాడుతుంది.

డబ్బు ఇచ్చే ముందు కుండీ ఎత్తి అడుగు రంధ్రాలు చూడాలి. తెల్లని దూది పోగుల్లాంటివి అంటుకుని ఉంటే వేరు పిండినల్లి, అంటే వేళ్ల రసం పీల్చే పురుగు. ఎంత చవకగా ఇచ్చినా వద్దనండి, ఇంట్లో మిగతా కుండీలకూ పాకుతుంది. ఆకు పైన పిండి చల్లినట్టు గుండ్రని మచ్చలుంటే బూడిద తెగులు. కాండం మొదట్లో వేలితో మెల్లగా నొక్కితే గట్టిగా ఉండాలి. మెత్తగా తగిలితే లోపల కుళ్లు మొదలైనట్టే. కొందరు అమ్మే ముందు ఆకుల మీద నీళ్లు చల్లి మెరిపిస్తారు. ఆ తడి ఆరేదాకా ఆగి చూడాలి.

బేరం ఎక్కడంటే, అందమైన మొక్క దగ్గర కాదు. వెనక వరసలో ఏపుగా పెరిగి ఒకవైపు వాలిపోయిన పాత కుండీ ఒకటి ఉంటుంది, దాన్ని అడగండి. రూపం లేదు కాబట్టి ధర తగ్గుతుంది, కానీ అందులో ఏడెనిమిది ముదురు ఆకులు, రెండు మూడు దుంపకాండం కొమ్ములు ఉంటాయి. ఒక రెక్స్ ఆకు నుంచి ఐదారు ముక్కలు వస్తాయి, నాటితే ఒక్కో ముక్క ఒక మొక్కవుతుంది. నాలుగు ఆకులు స్టీలు టిఫిన్ డబ్బాలో పడతాయి. అంటే ఇరవై మొక్కలకు సరిపడా సరుకు చేతిసంచిలో ఇల్లు చేరుతుంది.

కణుపు రకాల్లో మాత్రం ఆకు తెచ్చి లాభం లేదు. వేళ్లు పోసుకుంటుంది, నెలల తరబడి పచ్చగానూ ఉంటుంది, పిలక మాత్రం రాదు. వీటికి కొమ్మే కావాలి. అందులోనూ ఒక మెలిక ఉంది. పూలగుత్తి వచ్చిన కణుపులో చిగురు మొగ్గ ఉండదు. అలాంటి కణుపులే ఉన్న కొమ్మ నాటితే వేరు వస్తుంది, చిగురు రాదు. కాబట్టి పూత రాని కొమ్మను, కనీసం రెండు మూడు కణుపులతో, 8 నుంచి 10 సెంటీమీటర్ల పొడవున తీసుకోవాలి.

హెసరఘట్ట వైపు భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఉంది. ఊరికి దూరం, అర పూట పోతుంది. బిగోనియాల కోసం అక్కడికి వెళ్లనక్కర్లేదు. అర్క పేరుతో అమ్మే పులియబెట్టిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) లాంటి వాళ్ల సరుకు మీద ఆసక్తి ఉంటేనే వెళ్లాలి. మామూలు ఇటుక కోకోపీట్ మన ఊళ్లోనే దొరుకుతుంది, దాన్ని మోసుకురావడం తెలివితక్కువ.

ఇక బస. మెజెస్టిక్ దగ్గర లాడ్జీలు రైలుకు, బస్సుకు అనువు, కానీ చాలా గదులకు కిటికీ పక్క గోడ వైపుకే ఉంటుంది. జయనగర్, బసవనగుడి వైపు బస కొంచెం ఖరీదైనా నర్సరీలకు దగ్గర, మెట్రో అందుబాటు, గాలి వెలుతురు నయం. మొక్కలతో ఉండేవాళ్లు గది చూసేటప్పుడు మంచం కన్నా స్నానాలగది ముందు చూడాలి. వెంటిలేటర్ ఉన్న స్నానాలగదే రాత్రి బిగోనియాకు మంచి చోటు, తడి ఉంటుంది, ఏసీ గాలి తగలదు. ఏసీ కింద టేబుల్ మీద పెడితే పొద్దునకల్లా రెక్స్ ఆకు అంచులు ముడుచుకుంటాయి. ఏసీ లేని గది ఇంకా మేలు, డబ్బూ మిగులుతుంది. కుళాయిలో బోరు నీళ్లొస్తే ఆకుల మీద చల్లకూడదు, తెల్లని సున్నపు మరకలు పడతాయి. తడి కాగితంలో చుట్టిన ఆకుల పొట్లాలు శుభ్రం చేసేవాళ్లకు చెత్తలా కనిపిస్తాయి, తప్పు వాళ్లది కాదు. సంచిలో పెట్టి జిప్పు వేసి ఉంచాలి, లేదా ముందే చెప్పాలి.

ఆకులు కోయడం బయల్దేరే రోజే. మరీ లేతదీ, మరీ పాతదీ కాకుండా నడి వయసు ఆకును 3, 4 సెంటీమీటర్ల కాడతో కోసి, నీళ్లు పిండేసిన తడి వార్తాకాగితంలో చుట్టి, కాస్త గాలితో డబ్బాలో పెట్టాలి. ఐసు వద్దు, చలికి ఆకు నల్లబడుతుంది. ఇలా రెండు రోజులు నిలుస్తుంది. కొమ్మలకూ ఇదే పద్ధతి. కుండీలో మొక్కే తెచ్చేటట్టయితే నీళ్లు పోసి ఒక రోజు ఆరనిచ్చి, మట్టి ఒలకకుండా కాగితం ఉండతో కుదించి, ఎత్తైన అట్టపెట్టెలో నిలబెట్టాలి. పెట్టె మూత తెరిచి ఉండాలి.

ఆటోలో ఎదురుగాలికి రెక్స్ ఆకులు చిరుగుతాయి. మెట్రో నయం. లాల్‌బాగ్, సౌత్ ఎండ్ సర్కిల్, మెజెస్టిక్, యశ్వంత్‌పూర్ అన్నీ ఆకుపచ్చ లైను మీదే, మారే పని లేదు. ఇంటికి రావడానికి యశ్వంత్‌పూర్ నుంచి కాచిగూడ వందేభారత్ ఉంది. మధ్యాహ్నం ఎక్కితే రాత్రికి దిగుతాం, డబ్బా కాళ్ల దగ్గరే ఉంటుంది. రాత్రి రైలులో పక్క బెర్తు కింద పెట్టినా ఇబ్బంది లేదు. బస్సు అడుగున సామాను అరలో మాత్రం పెట్టకూడదు. వేడి, పైన పడే సూట్‌కేసులు రెండూ ప్రమాదమే. కొరియరుకు కొమ్మలు, ఆకులు ఇవ్వొచ్చు, కుండీలు ఇవ్వొద్దు. శుక్రవారం పంపితే ఆదివారం ఎక్కడో మూలన పడుంటాయి, సోమవారం పంపండి.

ఇల్లు చేరాక అసలు పని. 650 గ్రాముల కోకోపీట్ ఇటుకను నాలుగు లీటర్ల నీళ్లలో నానబెట్టి, రెండు మూడు సార్లు కడిగి పిండాలి. కడగకపోతే అందులోని ఉప్పుకు కొత్త వేళ్లు మాడతాయి. కడిగిన కోకోపీట్, పెర్లైట్ (మట్టిని గుల్లగా ఉంచే తేలికైన తెల్ల గుళికలు) సమపాళ్లలో కలిపి వెడల్పాటి డబ్బాలో రెండంగుళాలు పరచాలి. ఎరువు వద్దు, వేళ్లు లేని ముక్కకు ఎరువు కుళ్లునే ఇస్తుంది. కొత్త బ్లేడుతో ఆకును కాడ అతుక్కున్న చోటు నుంచి అంచుకు, ప్రతి ముక్కలో ఒక పెద్ద ఈనె ఉండేలా ముక్కోణాలుగా కోయాలి. కొస వైపు కాస్త కత్తిరిస్తే నీరు తక్కువ ఆవిరవుతుంది. కాడ వైపు మొనను ఒక సెంటీమీటరు లోతుకు గుచ్చాలి. తలకిందులైతే పిలక రాదు, గందరగోళం లేకుండా ముక్కలన్నీ ఒకే వైపు పేర్చుకోవాలి. డబ్బా మీద పల్చని కవరు కప్పి, వెలుతురు ఉండి ఎండ పడనిచోట పెట్టి, రోజూ ఐదు నిమిషాలు తెరవాలి. కవరు లోపల బొట్లు కారుతుంటే తడి ఎక్కువైనట్టు. మూడు, నాలుగు వారాల్లో వేళ్లు, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో ఈనె మొదట్లో బియ్యపు గింజంత పిలకలు. మూడు ఆకులు వచ్చాకే విడదీయాలి, ఆత్రపడితే పోతాయి. కొసలు నల్లబడి జారుడుగా మారిన ముక్కను ఆ రోజే తీసేయాలి, లేకపోతే పక్కదానికీ అంటుతుంది.

దుంపకాండం ముక్కలు ఇంకా సులువు. రెండంగుళాల ముక్కను సగం పైకి కనబడేలా అడ్డంగా పడుకోబెడితే చాలు. పూర్తిగా పూడ్చితే కుళ్లుతుంది. కణుపు కొమ్మలు నీళ్లలోనూ వేళ్లు పోస్తాయి. వేరు అంగుళం పెరగగానే మట్టికి మార్చాలి, పొడవైన నీటి వేళ్లు మట్టిలో బతకవు.

కుండీతో తెచ్చిన మొక్కను వచ్చిన రోజే మార్చడం అందరూ చేసే పొరపాటు. పది రోజులు అలాగే, వెలుగున్న నీడలో, పైమట్టి వేలికి పొడిగా తగిలినప్పుడే నీళ్లు పోస్తూ ఉంచాలి. కింది రెండు ఆకులు రాలితే కంగారుపడి నీళ్లు పెంచకూడదు. తర్వాత రెండు పాళ్లు కోకోపీట్, ఒక పాలు పెర్లైట్, ఒక పాలు ఆకు ఎరువు కలిపిన మిశ్రమంలోకి, పాతదానికన్నా ఒక్క అంగుళమే వెడల్పైన, లోతు తక్కువ కుండీలోకి మార్చాలి. పెద్ద కుండీలో వేరు అందుకోని మట్టి తడిగానే ఉండిపోతుంది, కుళ్లు అక్కడే మొదలవుతుంది. బూడిద తెగులు కనబడితే మచ్చలున్న ఆకులు తీసేసి కుండీలు ఎడంగా జరపాలి. అప్పటికీ పాకితే నీటిలో కరిగే గంధకం లీటరుకు 2 గ్రాములు, సాయంత్రం పూట, ముందు ఒక్క ఆకు మీద చల్లి రెండు రోజులు చూశాకే మిగతావాటి మీద. 32 డిగ్రీలు దాటిన రోజుల్లో గంధకం ముట్టుకోవద్దు, ఆకు మాడుతుంది.