ట్రక్కు తొట్టిలో జపాను తోట: తిరుపతి నర్సరీ వారి పనితనం

జపానులో ‘కెయి’ తరగతి చిన్న ట్రక్కు తొట్టిలో అచ్చమైన జపాను తోటను అమర్చి తోటమాలులు పోటీ పడుతుంటారు. ఇంజను 660 సీసీ, మోయగల బరువు 350 కిలోలు మించని ఆ బండిలో రాయిని, నీటిని, చెట్టును ఇమడ్చడంలోనే వారి నేర్పంతా ఉంటుంది. అదే పద్ధతిలో టాటా ఏస్ మీద తోట కట్టి శుభకార్యాలకు అద్దెకిస్తున్న తిరుపతిలోని ఒక నర్సరీ వారిని మా గృహప్రవేశానికి పిలిపించాము.

తెల్లవారుజామున బండి ఆగగానే మొదట చెవిన పడినది చప్పుడు. వెదురు గొట్టం నీటితో నిండి ముందుకు వాలి, ఆ నీటిని ఒలకబోసి, తిరిగి వెనక్కు పడుతూ రాతిని టక్కుమని తాకుతోంది. పంట మీదికి వచ్చే జింకలను, పందులను బెదరగొట్టడానికి జపానులో పుట్టిన సాధనమిదని చెప్పగా, మన చంద్రగిరి చేలకు ఇది ఎప్పుడో రావలసిందని మా మేనమామ అన్నారు. రాళ్లను మూడోవంతు మట్టిలో పాతి, అక్కడే పుట్టినట్లు నిలిపారు. పైన్ చెట్టుకు బదులు జువ్వి బోన్సాయ్ పెట్టడం తెలివైన పని.

నాచు విషయంలో మాత్రం పొరబడ్డారు. నీడను, తేమను కోరే నాచు మే నెల ఎండకు పది గంటలకే గోధుమరంగుకు తిరిగింది. నీళ్లు చల్లడానికి మనిషిని పంపుతామన్న మాట తప్పడంతో మా అబ్బాయే చెంబు పట్టుకొని నిలబడ్డాడు. తొట్టి తలుపు సందులోంచి కారిన నీరు వాకిట్లోని ముగ్గును చెరిపివేసింది. పూటకు 6,000 రూపాయల అద్దె తీసుకున్నారు. నాచుకు బదులు గరిక పరిచి ఇస్తే ఆ ధరకు మళ్లీ పిలుస్తాను.