కొత్త కారు బేరం: దసరాకా, డిసెంబరులోనా?

దసరాకి షోరూములో కాలు పెట్టే చోటుండదు. పండగ రోజే బండి ఇంటికి రావాలని పట్టుబట్టేది మనమే. అది తెలిసిన సేల్స్ అబ్బాయి ధర దగ్గర కదలడు, సీటు కవర్లు, మ్యాట్లు ఫ్రీ అంటాడు, అంతే.

డిసెంబరు ఆఖరి వారం లెక్క వేరు. జనవరి వచ్చిందంటే స్టాకులో ఉన్నది పోయినేడాది బండి అయిపోతుంది, అందుకని డీలరే దిగివస్తాడు. రేపు మనం అమ్మేటప్పుడూ ఆ ఏడాదే ధర తగ్గిస్తుంది, నిజమే. మూడేళ్లకే మార్చేవాళ్లు ఆలోచించుకోవాలి. పదేళ్లు వాడుకునే కుటుంబానికి నా ఓటు డిసెంబరుకే.

ఎప్పుడు కొన్నా కొటేషన్ కాగితం లైను లైనూ చదవండి. లైఫ్ ట్యాక్స్‌లో బేరం ఉండదు. ఇన్సూరెన్స్ మాత్రం షోరూములోనే తీసుకోవాలన్న రూలు లేదు, బయట రేటు కనుక్కుని వెళ్లండి. మా కాగితంలో అడుగున 'హ్యాండ్లింగ్ ఛార్జీలు' (బండిని తెచ్చి చూసుకున్నందుకని షోరూము వేసుకునే డబ్బు) అని చిన్న అక్షరాల్లో ఉంది. నాన్న దానిమీద వేలు పెట్టి "ఇదేంటి బాబూ?" అన్నారు. మేనేజరు మారుమాట్లాడకుండా పెన్నుతో కొట్టేశాడు.

డిసెంబరులో అయితే మిగతా డబ్బు కట్టేముందు ఫారం 22 (బండికి తయారుచేసిన కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్) అడిగి, బండి తయారైన నెల చూసుకోండి.