15100 ఉచిత న్యాయసహాయం: పుళల్ జైల్లో ఉన్నవాళ్ల ఇంట చావు జరిగితే ఎంత అక్కరకొస్తుంది?

భార్య పోయి భర్త చెన్నైలోని పుళల్ జైల్లో ఉంటే, లాయరు కోసం ఊరంతా ఫోన్లు తిప్పక్కర్లేదు. 15100కి చేయండి, ఖర్చు లేదు. కస్టడీలో ఉన్నవాళ్లకి 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ కింద ఆదాయంతో పనే లేదు. పనిదినాల్లో ఈ సేవకు ఐదుకి నాలుగు మార్కులిస్తాం. సెలవు రోజైతే రెండే.

లోపలి మనిషి ఏ లెక్కన ఉన్నాడో ముందే తేల్చుకోండి. శిక్ష పడినవాడైతే కోర్టు జోలికి పోనక్కర్లేదు. 1982 నాటి తమిళనాడు శిక్ష నిలుపుదల నిబంధనల కింద ఎమర్జెన్సీ లీవ్‌కి జైలు సూపరింటెండెంట్‌కే అర్జీ. రిమాండ్ ఖైదీ అయితే కేసు నడుస్తున్న కోర్టులో పిటిషన్ వేయాలి. మధ్యంతర బెయిల్ అడిగి, అది కుదరకపోతే పోలీసు ఎస్కార్ట్‌తోనైనా పంపమని అందులోనే రాయించండి. గూండాస్ చట్టం (విచారణ లేకుండా ముందస్తుగా నిర్బంధించే తమిళనాడు చట్టం) కింద ఉంటే మాత్రం మేజిస్ట్రేట్ చుట్టూ తిరగడం దండగ: 15వ సెక్షన్ ప్రకారం తాత్కాలికంగా వదిలే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది, అంటే సెక్రటేరియట్లో హోం శాఖ. తప్పు గుమ్మం ఎక్కితే సగం పూట అక్కడే గల్లంతు.

అర్జీకి ఆసుపత్రి ఇచ్చిన మరణ ధ్రువీకరణ, భార్యాభర్తలని చూపే రేషన్ కార్డు, క్రైమ్ నంబరు, ఖైదీ నంబరు జతచేయండి. ఏ శ్మశానం, ఎన్ని గంటలకు అన్నది కచ్చితంగా రాయాలి. ఆర్డరు చేతికొచ్చినా ఎస్కార్ట్ పోలీసులు దొరక్క ఆలస్యమయ్యేది ఎక్కువ. దహనానికీ పదకొండో రోజు కర్మకీ ఒకే అర్జీలో అడిగితే రెండోసారి పరుగు తప్పుతుంది. ఈ మాట లాయరుకి మీరే గుర్తుచేయాలి.

హక్కు సంగతి. శవం ఎవరికివ్వాలో వరస కట్టి చెప్పిన చట్టం మన దేశంలో లేదు. జైల్లో ఉన్నంత మాత్రాన భర్త మాటకు విలువ పోదు, కానీ మార్చురీలో సంతకం పెట్టే మనిషి ఎదురుగా ఉండాలి కదా! అందుకే వకాలత్ (లాయరుకి అధికారమిచ్చే కాగితం) మీద జైలు అధికారి ధ్రువీకరణ తీసుకునేటప్పుడే, 'నా తరఫున ఫలానా బంధువు శవం తీసుకుని దహనం జరిపిస్తాడు' అని ఇంకో కాగితం మీద కూడా సంతకం, ధ్రువీకరణ చేయించండి. ఒక కాపీ మార్చురీకి, ఒకటి పోలీస్ స్టేషన్‌కి. భార్య పుట్టింటివాళ్లు అడ్డుపడితే ఈ కాగితమే ఆసరా. అయితే భార్య చావులో భర్తే నిందితుడైతే దీన్ని నమ్ముకోకండి. పెళ్లయిన ఏడేళ్లలోపు ఆత్మహత్యో అనుమానాస్పద మరణమో అయితే ఆర్డీవో విచారణ కూడా ఉంటుంది, పోస్ట్‌మార్టం అయ్యేదాకా ఎవరికీ ఇవ్వరు.

సర్కారు ఆసుపత్రి నుంచి శవవాహనం 155377కి చేస్తే ఉచితం. మరణం నమోదుకు 21 రోజుల గడువు. ఆ పని బయట ఉన్న బంధువు చేయొచ్చు, ఖైదీ రానక్కర్లేదు.